పాపికొండలకి ఏ మ్యాపు పట్టుకెళ్ళాలి? డెల్టా నుంచి కొండలకి వెళ్ళేవాళ్ళకి సమగ్ర మార్గదర్శి

మన దగ్గర దారి చెప్పడం చాలా తేలిక. "కాలవగట్టు పట్టుకుని పోండి, లాకులు దాటాక ఎడంచేతి వైపు తిరగండి" అంటే సరిపోతుంది. నేల బల్లపరుపు కాబట్టి మూడు కిలోమీటర్లంటే మూడు కిలోమీటర్లే. నడిచినా, సైకిలు మీద వెళ్ళినా ఆ లెక్క తప్పదు. అదే అలవాటుతో నేను మొదటిసారి మారేడుమిల్లి అడవికి వెళ్ళాను. ఫోన్లో మ్యాపు తెరిస్తే, చూడాలనుకున్న వాగు రెండు కిలోమీటర్ల దూరంలో కనిపించింది. అరగంటలో చేరతాం, భోజనాల వేళకి వచ్చేస్తాం అని మా బాబాయి కొడుకుతో అన్నాను. వాగు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మధ్యలో రెండు కొండవెన్నులున్నాయి. ఫోన్లో మాత్రం ఆ ప్రాంతమంతా ఒకటే ఆకుపచ్చ రంగు. తిరుగుదారిలో నీళ్ళు అయిపోయాయి, చీకటి పడింది. వాగు దగ్గర కలిసిన కొండరెడ్ల పెద్దాయన ఒకాయన మమ్మల్ని రోడ్డెక్కించారు. "కొండకి అడ్డంగా పడి ఎవరన్నా వస్తారా బాబూ, వాగు పట్టుకుని రావాలి గానీ" అన్నారాయన. వాగు దారి మా మ్యాపులో కనిపించనే లేదని ఆయనకి ఎలా చెప్పను?

ఆ తర్వాతే మ్యాపుల గురించి శ్రద్ధగా నేర్చుకున్నాను. ఇప్పుడు అమలాపురం, రాజోలు, భీమవరం, తణుకు వైపుల నుంచి కుర్రాళ్ళు గుంపులుగా మారేడుమిల్లికీ పాపికొండలకీ వెళ్తున్నారు. చాలామంది చేతిలో ఉండేది ఆ రోజు నా దగ్గరున్నలాంటి మ్యాపే. కారు దారికి అది మంచిదే. రోడ్డు దిగి అడవిలోకి అడుగుపెట్టాక మాత్రం వేరే మ్యాపు కావాలి. దాన్ని ఎలా ఎంచుకోవాలో, ఎక్కడ తెచ్చుకోవాలో, బయల్దేరే ముందు ఇంట్లోనే ఎలా చదువుకోవాలో వరసగా రాస్తున్నాను.

1. ముందు మీ ప్రయాణం ఏమిటో తేల్చుకోండి

పాపికొండ జాతీయ పార్కు విస్తీర్ణం 1,012.86 చదరపు కిలోమీటర్లు. 1978లో అభయారణ్యంగా మొదలై 2008లో జాతీయ పార్కు అయింది. గోదావరికి రెండు వైపులా ఉంది. అందుకని మొదట తేల్చుకోవాల్సింది ఏ గట్టున దిగుతున్నారన్నది. ఎడమ గట్టున దేవీపట్నం, గండి పోచమ్మ గుడి, రంపచోడవరం, ఆ పైన మారేడుమిల్లి. కుడి గట్టున పట్టిసం, పోలవరం, బుట్టాయగూడెం వైపు అడవి. డెల్టాలో ఏ పాయకి వెళ్ళినా పంటో, పడవో, వంతెనో ఉంటుంది. నర్సాపురంలో మోటారుసైకిలుతో సహా పంటెక్కి సఖినేటిపల్లిలో దిగిపోతాం. కొండల మధ్య కూడా అలాగే దాటేయొచ్చని ప్లాను వేసుకోకండి. మ్యాపులో అవతలి గట్టు ఒక సెంటీమీటరు దూరంలో కనిపిస్తుంది. రోడ్డు మీద అక్కడికి చేరాలంటే మళ్ళీ రాజమండ్రి దాకా దిగి రావాల్సి రావచ్చు.

రెండోది, ఏ నెలలో వెళ్తున్నారు? నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నడకకి అనువైన కాలం. జూలై నుంచి అక్టోబరు దాకా మ్యాపులో సన్నటి నీలి గీతలా కనిపించే వాగు నడుంలోతు ప్రవాహం కావచ్చు, పైన వాన పడితే గంటలోనే పొంగొచ్చు. నడకదారి ఎన్ని నీలి గీతల్ని దాటుతోందో లెక్కపెట్టడం అప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని.

లాంచీ యాత్రకి మాత్రమే వెళ్ళేవాళ్ళకి ఇదంతా అక్కర్లేదు, మామూలు మ్యాపు చాలు. కానీ ఒక్క మాట. కొండల నడుమ నది ఇరుకయ్యే చోట ప్రవాహం వడి, సుడి ఏ మ్యాపులోనూ ఉండవు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు నది వరద మీద ఉంది. ధవళేశ్వరం నుంచి లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి వదులుతున్నారని వార్తల్లో వింటే ఆ వారం ప్రయాణం మానుకోండి.

ఇంకొకటి, జాతీయ పార్కు లోపలికి వెళ్ళాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి కావాలి. ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తారో మ్యాపు మీద గీసి చూపిస్తే అటవీ అధికారులతో మాట్లాడడం తేలికవుతుంది. ఏ దారి తెరిచి ఉందో, ఏది మూసేశారో వాళ్ళే చెబుతారు.

2. ఎత్తు చూపని మ్యాపుని పక్కన పెట్టండి

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి. మ్యాపు ఎంత అందంగా ఉన్నా, ఎన్ని బొమ్మలున్నా, కాంటూరు గీతలు లేకపోతే అది కొండకి పనికిరాదు.

కాంటూరు అనే మాట మనకి కొత్తేం కాదు. కొల్లేరు వార్తల్లో "ఐదో కాంటూరు" అని ఎన్నేళ్ళుగానో వింటున్నాం. 1999లో కొల్లేరుని +5 అడుగుల కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున్న చోట్లన్నిటినీ కలుపుతూ సరస్సు చుట్టూ గీసిన గీత అది. గీత లోపల ఉన్న చేపల చెరువు ఉంటుందా పోతుందా అన్నది దాని మీదే ఆధారపడింది. పోలవరం నిర్వాసితుల విషయంలో "41.15 కాంటూరు", "45.72 కాంటూరు" అని వినేదీ ఇదే, అక్కడ లెక్క మీటర్లలో. బడిలో సమోన్నత రేఖలు అని చదివింది కూడా ఇదే. ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీత. దాని మీద నడిస్తే ఎక్కడమూ ఉండదు, దిగడమూ ఉండదు.

భారత సర్వేక్షణ సంస్థ, అంటే సర్వే ఆఫ్ ఇండియా, వేసే 1:50,000 మ్యాపుల్లో ఈ గీతలు గోధుమ రంగులో ఉంటాయి. ఒక గీతకీ పక్క గీతకీ ఎత్తులో తేడా సాధారణంగా 20 మీటర్లు. మ్యాపు అడుగున రాసి ఉంటుంది, చూసి నిర్ధారించుకోండి. ఈ లెక్కన కోనసీమ మొత్తానికి ఒక్క గీత కూడా పడదు. రాజమండ్రే సముద్రమట్టానికి దాదాపు 14 మీటర్ల ఎత్తులో ఉంది. కొబ్బరితోటల మధ్య పెరిగిన మన కంటికి ఈ గీతలు అలవాటు లేకపోవడానికి కారణం ఇదే. మన ప్రాంతపు షీటులో ఎత్తు అంటే ఏటిగట్టు, చెరువుగట్టు. వాటి పక్కన "3ఆర్", "4ఆర్" అని ఇంగ్లీషు అక్షరంతో ఉంటుంది. చుట్టుపక్కల నేల కంటే ఆ గట్టు అన్ని మీటర్లు ఎత్తు అని దానర్థం.

గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు, దూరంగా ఉంటే వాలు తక్కువ. ఇంతవరకు అందరూ చెబుతారు. నేను స్కేలుబద్ద పెట్టి కొలవమంటాను. 1:50,000 మ్యాపులో రెండు గీతల మధ్య 1 మిల్లీమీటరు ఉందంటే నేల మీద 50 మీటర్లు. ఆ 50 మీటర్ల నడకలో 20 మీటర్లు ఎక్కాలి, అంటే నూటికి 40 వాలు. ఎండుటాకుల మీద జారుతూ, కొమ్మలు పట్టుకుంటూ ఎక్కే కొండ అది. 2 మిల్లీమీటర్లుంటే నూటికి 20. ఆయాసం వస్తుంది గానీ ఎక్కగలం. 5 మిల్లీమీటర్లుంటే నూటికి 8. కబుర్లు చెప్పుకుంటూ నడిచే దారి. దారి పొడవునా అక్కడక్కడ ఇలా కొలిచి పెన్సిల్‌తో పక్కన రాసుకుంటే, ఏ ముక్కలో ముసలివాళ్ళు ఆగిపోతారో, ఏ ముక్కలో పిల్లల్ని ఎత్తుకోవాలో ఇంట్లోనే తెలిసిపోతుంది.

గీతలు కొసదేలి మడత పడే చోట్లు కూడా చూడండి. కొస పైకి, అంటే ఎక్కువ ఎత్తు ఉన్న వైపుకి ఉంటే అక్కడ వాగో పల్లమో ఉంది. కొస కిందికి ఉంటే అది కొండవెన్ను. రెండు శిఖరాల మధ్య గీతలు ఇటూ అటూ విచ్చుకుని నడుమ ఖాళీ ఉంటే అది కనుమ, ఒక లోయలోంచి ఇంకో లోయలోకి దాటడానికి అనువైన చోటు. ఆ పెద్దాయన చెప్పిన "వాగు పట్టుకుని రావడం" మ్యాపులో చూడాలంటే కొస పైకున్న మడతలన్నిటినీ కలుపుతూ పెన్సిల్‌తో గీయండి. ఆ రోజు మేము వదిలేసిన దారి నాకు అలాగే కనిపించింది. పొడవు నాలుగు కిలోమీటర్లు, ఎక్కుడు దాదాపు లేదు.

కొన్ని మ్యాపుల్లో కొండల్ని నీడలతో చూపిస్తారు. చూడ్డానికి బాగుంటాయి, ఎక్కడ కొండ ఉందో చెబుతాయి, ఎంత ఎత్తో చెప్పవు. అలాంటి మ్యాపు ఉంటే కాంటూరు మ్యాపు పక్కన పెట్టి చూసుకోండి, దానికి బదులుగా కాదు. పర్యాటక కేంద్రాల దగ్గర బోర్డుల మీద వేసే రంగుల బొమ్మలకి కొలతే ఉండదు. వాటిలో చూడదగ్గ చోట్ల పేర్లు రాసుకుని వచ్చేయండి.

3. స్కేలు: పొలానికి ఎఫ్ఎంబీ, జిల్లాకి జిల్లా మ్యాపు

డెల్టా రైతుకి స్కేలు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. హద్దు తగాదా వస్తే ఎఫ్ఎంబీ, అంటే పొలం కొలతల పుస్తకం, తీయిస్తాడు, గొలుసులూ లింకులూ లెక్కపెడతాడు. జిల్లా మ్యాపు తెచ్చి గట్టు ఎక్కడుందని వెతకడు. కొండలకీ అంతే.

1:250,000 మ్యాపులో ఒక సెంటీమీటరు రెండున్నర కిలోమీటర్లు. మొత్తం పార్కు, చుట్టూ రోడ్లు, నది మలుపులు ఒక్క కాగితంలో కనిపిస్తాయి. ఏ వైపు నుంచి వెళ్ళాలో నిర్ణయించుకోవడానికి ఇది. 1:50,000లో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు, దాదాపు మీ బొటనవేలి వెడల్పు. నడకకి ఇదే సరైనది. 1:25,000 దొరికితే ఇంకా మంచిది, కానీ దానికోసం ప్రయాణం ఆపుకోవాల్సిన పని లేదు. అంకె పెద్దదయ్యేకొద్దీ వివరం తగ్గుతుంది. కొత్తవాళ్ళు ఇక్కడే తికమక పడతారు.

ఫోన్లో రెండు వేళ్ళతో మ్యాపుని పెద్దది చేసినంత మాత్రాన వివరం పెరగదు. చాలా యాప్‌లలో కాంటూరు గీతలకి ఆధారం 2000లో అమెరికా అంతరిక్ష నౌక రాడార్‌తో కొలిచిన ఎత్తులు. దాదాపు 30 మీటర్లకి ఒక కొలత. రాడార్ చాలాచోట్ల నేలని కాకుండా చెట్ల పై భాగాన్ని కొలిచింది. దట్టమైన అడవిలో చిన్న మిట్టలు, నిటారు వాలులు ఆ గీతల్లో కనిపించకపోవచ్చు.

4. మీకు కావాల్సిన షీటు నంబరు మీరే కనుక్కోండి

1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియాకి ప్రధాన కార్యాలయం డెహ్రాడూన్‌లో ఉంది. 2005 జాతీయ మ్యాపు విధానం తర్వాత ప్రజల కోసం ఓపెన్ సిరీస్ మ్యాపులు విడిగా వేయడం మొదలుపెట్టింది. వాళ్ళ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుని పీడీఎఫ్‌గా దింపుకోవచ్చు. నంబరు తెలియకపోతే అక్కడే చాలాసేపు వెతుకుతాం. లెక్క తెలిస్తే అయిదు నిమిషాల పని.

పాత పద్ధతిలో దేశాన్ని నాలుగు డిగ్రీల గళ్ళుగా కోశారు. మన ప్రాంతం 65వ గడిలో ఉంది: 16 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం. దాన్ని ఒక్కో డిగ్రీ చొప్పున పదహారు ముక్కలు చేసి, ఇంగ్లీషులో ఎ నుంచి పి వరకు పేర్లు పెట్టారు. వాయవ్య మూల నుంచి మొదలై కిందికి దిగుతూ, తర్వాతి వరసకి వెళ్తూ సాగుతాయి. పాపికొండలు, రంపచోడవరం, మారేడుమిల్లి అన్నీ 65 జి లోకి వస్తాయి. ఆ జి ముక్కని మళ్ళీ పావు డిగ్రీ చొప్పున పదహారు చేస్తే వచ్చేవే 1:50,000 షీట్లు. ఒక్కోటి నేల మీద సుమారు 27 కిలోమీటర్ల చదరం.

ఇక మారేడుమిల్లి చూద్దాం. 17 డిగ్రీల 36 నిమిషాల అక్షాంశం, 81 డిగ్రీల 43 నిమిషాల రేఖాంశం. ఇది 65 జి/10 షీటు. కానీ ఆ షీటు తూర్పు అంచు 81 డిగ్రీల 45 నిమిషాల దగ్గరే అయిపోతుంది. ఊరి నుంచి తూర్పుకి మూడున్నర కిలోమీటర్లు నడిస్తే మీరు 65 జి/14లోకి వెళ్ళిపోతారు. పది నంబరు షీటు ఒక్కటే పట్టుకెళ్తే పొద్దున పదింటికల్లా మ్యాపు అయిపోతుంది. రంపచోడవరం 65 జి/15లో ఉంది. రాజమండ్రి సరిగ్గా 17 డిగ్రీల గీత మీద ఉండడంతో ఊరు రెండు షీట్ల సరిహద్దులో పడింది. అందుకే షీటు ఎంచుకునేటప్పుడు మీ దారి అంచుకి ఎంత దగ్గరగా ఉందో చూసి పక్క షీటు కూడా తెచ్చుకోండి. అంచులు కత్తిరించి రెండూ అతికిస్తే ఇంకా సుఖం.

కొత్త ఓపెన్ సిరీస్‌లో నంబర్లు మారాయి. మన ప్రాంతపు షీట్లు ఇ44తో మొదలవుతాయి. వెబ్‌సైటులో సూచీ మ్యాపు మీద చోటు చూసుకుని ఎంచుకోవచ్చు. పాతవాటికీ కొత్తవాటికీ ఇంకో తేడా ఉంది. పాతవి భూమి ఆకారానికి వేసిన ఎవరెస్టు గోళం అనే పాత లెక్క మీద, కొత్తవి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 లెక్క మీద గీశారు. పాత షీటు మీద జీపీఎస్ అంకెలు నేరుగా గుర్తిస్తే వంద మీటర్లకి పైగా పక్కకి పోవచ్చు. లోయలో వంద మీటర్లంటే వాగుకి అవతల పడ్డట్టే. ఫోనుతో కలిపి వాడాలనుకుంటే కొత్త సిరీసే తీసుకోండి.

మైలుకి ఒక అంగుళం చొప్పున వేసిన పాత మ్యాపులు ఎక్కడైనా దొరికితే ఎత్తులు అడుగుల్లో ఉంటాయని మరిచిపోకండి. 1,500 అని చూసి మీటర్లనుకుంటే లెక్కంతా తప్పుతుంది.

5. మ్యాపు ఎప్పటిదో చూడండి, మన దగ్గర ఇది ప్రాణావసరం

వేరే కొండల్లో పదేళ్ళ పాత మ్యాపు వాడినా పెద్ద నష్టం ఉండదు. కొండ కదలదు. పాపికొండల దగ్గర అలా కాదు. పోలవరం ప్రాజెక్టు కోసం కాఫర్ డ్యాం, అంటే తాత్కాలిక అడ్డుకట్ట, కట్టి, 2021లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్ళించాక పైన గోదావరి మునుపటి గోదావరి కాదు. దేవీపట్నం మండలంలో నది ఒడ్డున ఉన్న ఊళ్ళు చాలావరకు ఖాళీ అయ్యాయి. జనం పునరావాస కాలనీలకి వెళ్ళిపోయారు. గండి పోచమ్మ గుడి ఏటా వరదకి మునుగుతోంది. పాత షీటులో ఎర్రటి చుక్కలతో ఇళ్ళు, పక్కన పసుపు రంగులో పొలాలు, నది వెంట బండి దారి చక్కగా కనిపిస్తాయి. అది చూసి రాత్రికి ఫలానా ఊళ్ళో దిగుదాం, అక్కడ నీళ్ళు పట్టుకుందాం అనుకుంటే, వెళ్ళాక కనిపించేది మొండిగోడలో, నీళ్ళో. ఆ ఊళ్ళల్లో పుట్టి పెరిగిన వాళ్ళని కాలనీల్లో కలిసినప్పుడు షీటు విప్పి చూపిస్తే, తమ వీధి ఎక్కడుండేదో వేలితో చూపిస్తారు. నాకు ఆ షీటు పారేయబుద్ధి కాదు. కానీ ప్రయాణానికి దాన్ని నమ్మకూడదు.

చేయాల్సింది ఇది. మ్యాపు అంచున సర్వే జరిగిన సంవత్సరం, అచ్చయిన సంవత్సరం విడివిడిగా ఉంటాయి. సర్వే సంవత్సరమే చూడండి. అచ్చు కొత్తదైనా లోపలి వివరం పాతది కావచ్చు. తర్వాత నీలం పెన్సిలు తీసుకోండి. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, మొదటి దశది 41.15 మీటర్లు. షీటులో 40 మీటర్ల గీత ఉంటుంది, దాని పైది 60. నది వెంట 40 గీత పట్టుకుని, దానికి కాస్త పైగా, 60 వైపు మూడో వంతు దాకా నీలం రంగు వేసుకుంటూ పైకి వెళ్ళండి. వాగులు నదిలో కలిసే చోట ఆ రంగు లోయలోకి ఎంత లోపలికి చొచ్చుకుపోతుందో చూస్తే ఆశ్చర్యపోతారు. ఆ రంగు పడిన చోట దారి, ఊరు, బస, వాగు దాటే రేవు ఏదీ ప్లానులో పెట్టుకోకండి. వరద రోజుల్లో ఎగువకి వెళ్ళేకొద్దీ నీటిమట్టం ఇంకా పైనే ఉంటుంది కాబట్టి అంచుల్లో కూడా జాగ్రత్త.

దీన్ని సరిచూసుకోవడానికి కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ తెరిచి పాత తేదీల ఉపగ్రహ చిత్రాలు చూడండి. 2018 నాటి చిత్రం, ఆ తర్వాతిది పక్కపక్కన పెడితే నీరు ఎక్కడిదాకా వచ్చిందో కంటికి కనిపిస్తుంది. ఇస్రో నడిపే భువన్‌లోనూ ఉపగ్రహ చిత్రాలున్నాయి.

సరిహద్దులు, జిల్లాల పేర్లు కూడా మారాయి. 2014లో ఖమ్మం జిల్లా నుంచి కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. నడకకి దీనివల్ల ఇబ్బంది లేదు. అనుమతికి ఏ కార్యాలయానికి వెళ్ళాలన్నప్పుడు మాత్రం పాత మ్యాపు తప్పు దారి చూపిస్తుంది.

6. ఫోన్ యాప్‌లు

గూగుల్ మ్యాప్స్ రోడ్డుకి. మారేడుమిల్లి వరకు, ఘాట్ రోడ్డు మీద చింతూరు దాకా దానితో ఇబ్బంది ఉండదు. నడకకి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ఓస్మాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటివి మంచివి. కాంటూరు గీతలు తెప్పించుకోవచ్చు, ముందే దింపుకుని సిగ్నల్ లేకపోయినా వాడుకోవచ్చు. వాటిలోని కాలిబాటలు ఎవరో స్వచ్ఛందంగా నడిచి గీసినవి. ఉన్న బాట నిజమే కావచ్చు, మ్యాపులో లేనంత మాత్రాన నేల మీద బాట లేదని కాదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌నీ, సర్వే ఆఫ్ ఇండియా ఓపెన్ సిరీస్ మ్యాప్‌నీ రెండిటినీ పొట్టిగా ఓఎస్ఎం అనే అంటారు. ఎవరైనా "ఓఎస్ఎం చూశాను" అంటే ఏదో అడగండి.

దింపుకున్నాక ఇంట్లోనే ఫ్లైట్ మోడ్ పెట్టి తెరవండి. గీతలు కనిపిస్తేనే దిగినట్టు. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, అక్కడ కొత్తగా ఏదీ దిగదు. ఫోను ఒక్కదాన్నే నమ్ముకోకండి. సిగ్నల్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ మామూలు కంటే త్వరగా అయిపోతుంది.

7. కోరుకొండ మీద సాధన చేయండి

అడవికి వెళ్ళే ముందు ఒక పూట దీనికి కేటాయించండి. రాజమండ్రికి ఉత్తరాన కోరుకొండ లక్ష్మీనరసింహస్వామి గుడి ఉన్న కొండ బల్లపరుపు నేల మధ్య ఒంటరిగా, కోసుగా నిలబడి ఉంటుంది. 65 జి/16 షీటులో గుండ్రటి గీతల చుట్టలా కనిపిస్తుంది. మన ప్రాంతం వాళ్ళకి కాంటూరు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తోచలేదు. కింద నిలబడి షీటుని ఉత్తరానికి సరిచేసి పెట్టండి. మన దగ్గర దిక్సూచి ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ తేడా చాలా స్వల్పం, నడకకి పట్టించుకోనక్కర్లేదు. గీతలు ఎటు వైపు దగ్గరగా ఉన్నాయో చూసి, ఆ వైపు కొండ నిటారుగా ఉందో లేదో కళ్ళతో సరిపోల్చండి. మెట్లెక్కుతూ ఒక్కో గీత ఎక్కడ దాటుతున్నారో ఊహించండి. పైనుంచి చుట్టూ చూస్తే ఉత్తరాన ఏజెన్సీ కొండలు, దక్షిణాన పచ్చటి డెల్టా. షీటు, నేల రెండూ ఒకటే అని అక్కడ ఒకసారి నమ్మకం కుదిరితే అడవిలో తడబాటు తగ్గుతుంది. పిల్లల్ని తీసుకెళ్ళండి, పెద్దవాళ్ళ కంటే త్వరగా పట్టేస్తారు.

8. గీతల్ని గంటల్లోకి మార్చండి

స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడతారు: ఐదు కిలోమీటర్లకి ఒక గంట, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడికీ ఇంకో గంట. చల్లటి గాలిలో, తెరిపి కొండల్లో నడిచే ఆయన లెక్క అది. మన ఉక్కపోతకీ పొదలకీ దాన్ని ఒకటిన్నర రెట్లు చేయండి. ఉదాహరణకి మీ దారి 6 కిలోమీటర్లు, ఎక్కేటప్పుడు దాటే గీతలు 24. అంటే 480 మీటర్లు. దూరానికి 72 నిమిషాలు, ఎక్కుడికి 48, మొత్తం రెండు గంటలు. ఒకటిన్నర రెట్లు చేస్తే మూడు. దిగడం తేలిక అనుకోకండి, మోకాళ్ళకి అదే కష్టం. రెండున్నర గంటలు వేసుకోండి. పైన అన్నం తిని, కాసేపు కూర్చోవడానికి ఒక గంట. ఇవన్నీ కలిపితే ఆరున్నర. డిసెంబరులో ఐదున్నర ప్రాంతంలో పొద్దు గుంకుతుంది, పడమట కొండ ఉన్న లోయలో అంతకు ముందే చీకటి పడుతుంది. అందుకని తొమ్మిది లోపే నడక మొదలుపెట్టాలి. అమలాపురంలో తెల్లారి బయల్దేరి అదే రోజు నడిచి వచ్చేద్దాం అనుకున్న ప్లాను ఈ లెక్క ముందు నిలబడదు. ముందురోజు రాత్రే అక్కడికి చేరుకోండి.

9. అచ్చు తీయించడం

పీడీఎఫ్‌లో మీ దారి ఉన్న భాగాన్ని కలర్ జిరాక్స్ షాపులో ఏ3 మీద తీయించండి. "ఫిట్ టు పేజ్" వద్దని, నూటికి నూరు శాతంలో వేయమని గట్టిగా చెప్పండి. లేకపోతే స్కేలు మారిపోయి మీ కొలతలన్నీ తప్పుతాయి. చేతికి రాగానే గళ్ళ మీద స్కేలుబద్ద పెట్టండి, 1:50,000లో కిలోమీటరు గడి సరిగ్గా రెండు సెంటీమీటర్లుండాలి. ఫ్లెక్సీ షాపులో వేయిస్తే తడవదు కదా అని ఒకసారి ప్రయత్నించాను. సన్నటి గోధుమ గీతలు అలుక్కుపోయాయి. మామూలు కాగితం మీద తీసి లామినేషన్ చేయించడమే మేలు. దాని మీద మార్కర్‌తో గీసి తుడుచుకోవచ్చు కూడా.

10. అక్కడి వాళ్ళకి చూపించండి

ఊరికి చేరాక మ్యాపు జేబులో పెట్టి దారి అడగడం కాదు, విప్పి మధ్యలో పరిచి అడగండి. కొండరెడ్ల పెద్దల్లో చాలామందికి ఈ గీతలు అలవాటు ఉండకపోవచ్చు. కానీ "ఈ వాగు పేరేంటి తాతా? ఇది ఎండాకాలంలో పారుతుందా?" అని ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ అడిగితే మ్యాపులో లేని సంగతులు బోలెడు చెబుతారు. సర్వే షీట్లలో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, కొన్ని గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. వాళ్ళు పలికినట్టు తెలుగులో పక్కన రాసుకోండి. తర్వాత ఎవరినైనా దారి అడగాలంటే ఆ పేరే పనికొస్తుంది. వాళ్ళు వద్దన్న దారిని మ్యాపులో ఉందని పట్టుబట్టకండి.

బయల్దేరేటప్పుడు దారి గీసిన మ్యాపు కాపీ ఒకటి ఇంట్లో ఇవ్వండి, ఇంకొకటి మీరు బస చేసిన చోట ఇవ్వండి. దాని మీద వెళ్ళేవాళ్ళ పేర్లు, తిరిగి రావాల్సిన గంట రాయండి. ఆ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అక్కడే రాయండి.

తిరిగొచ్చాక అలసట తీరేలోపే ఆ షీటు మళ్ళీ తీసి, మ్యాపులో లేని బాట, ఎండిన వాగు, కొత్తగా వేసిన రోడ్డు, ఖాళీ అయిన గూడెం పెన్సిల్‌తో గుర్తించండి. పక్కన తేదీ వేయండి. ఆ తేదీ లేకపోతే, వచ్చే ఏడాది మీ దగ్గర ఆ షీటు అడిగి తీసుకెళ్ళే కుర్రాళ్ళకి ఆ గీత ఎప్పటిదో తెలియదు.